అరువు కళ్ళు

చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. మా నాన్న ఆ ఒక్క సామెత మీద బతికాడు, మమ్మల్నీ బతికించాడు.

తాడేపల్లిగూడెంలో రైల్వే గేటు దాటాక ఒక సందులో మాకు రెండు గదులుండేవి. ముందు గదిలో నాన్న ఎన్‌లార్జ్‌మెంట్లు గీసేవాడు. చిన్న ఫోటో తెచ్చి ఇస్తే దాన్ని చూసి, పెద్ద కాగితం మీద బొగ్గుపొడితోనూ పెన్సిలుతోనూ ముఖం గీసి, పటం కట్టించి ఇవ్వడం ఆయన పని. తెచ్చేది ఎప్పుడూ పోయినవాళ్ళ ఫోటోయే. బతికున్న మనిషి అంత పెద్ద బొమ్మ గీయించుకుని గోడకి తగిలించుకోవడం మా వైపు లేదు. గోడ మీద బొగ్గుతో గీసిన ముఖం కనిపించిందంటే ఆ మనిషి లేడన్నమాటే. చంటిపిల్లకి కూడా ఆ సంగతి తెలుసు. హిందువులయితే పెద్దకర్మ నాటికి, చర్చివాళ్ళయితే జ్ఞాపకార్థ కూడిక నాటికి పటం అందాలి. అందకపోతే ఇంటి మీదికొచ్చి మరీ తిట్టేవారు.

చాలా ఇళ్ళలో ఆ మనిషి బతికుండగా తీసిన ఫోటో ఒక్కటీ ఉండేది కాదు. పోయాక హడావుడిగా ఫోటోగ్రాఫరుని పిలిపించి, శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి తీయించేవారు. ముక్కుల్లో దూది, గడ్డం కిందనుంచి తల మీదికి కట్టిన గుడ్డ, మూసిన కళ్ళు. ఆ ఫోటో తెచ్చి నాన్న ముందు పెట్టి, కళ్ళు తెరిపించండి మాస్టారూ అనేవారు.

నాన్న దూది తీసేసేవాడు. గుడ్డ విప్పేసేవాడు. కళ్ళ దగ్గరికొచ్చేసరికి ఆగిపోయేవాడు. ఎలా ఉండేవని అడిగితే భార్య ఒకటి చెబుతుంది, తమ్ముడు ఇంకొకటి చెబుతాడు. చాలా పెద్ద కళ్ళండీ అన్న దగ్గర మాత్రం అందరూ కలుస్తారు. బతికుండగా ఆ కళ్ళకేసి ఒక్కరూ సరిగ్గా చూసిన పాపాన పోలేదు. అందుకని నాన్న తనకో పద్ధతి పెట్టుకున్నాడు. పోయిన మనిషికి దగ్గర రక్తసంబంధం ఎవరుంటే వాళ్ళని, కొడుకో కూతురో, అక్కో చెల్లెలో, తన ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టి, వాళ్ళ కళ్ళు గీసి ఆ ముఖంలో పెట్టేవాడు. అసలుకన్నా కాస్త పెద్దవి చేసేవాడు. చూపు మాత్రం ఎదుటి మనిషి మీద పడకుండా, తల మీదుగా పోయేలా వేలెడు పైకెత్తేవాడు.

"పటంలో మనిషి మనకేసే చూస్తుంటే ఇంట్లోవాళ్ళకి అన్నం దిగదే," అని నాకు చెప్పేవాడు.

పన్నెండేళ్ళకే నాకు కళ్ళ పని అప్పజెప్పాడు. ఆయనకి చూపు మందగించింది, నాకు చెయ్యి తిరిగింది. స్టూలు మీద కూర్చుని కుళ్ళి కుళ్ళి ఏడుస్తున్న మనిషితో, కాసేపు ఏడుపాపండి, కళ్ళు ఉబ్బితే బొమ్మ చెడిపోతుంది అని చెప్పగలిగేదాన్ని. ఆ వయసు పిల్ల అనాల్సిన మాటేనా అది? మా అమ్మ నెత్తి కొట్టుకునేది. నాన్న మాత్రం, పనిమంతురాలు అనేవాడు.

తరవాత కంప్యూటర్లొచ్చాయి, ఫ్లెక్సీలొచ్చాయి. ఎన్‌లార్జ్‌మెంట్లు గీయించుకునేవాళ్ళు లేకుండా పోయారు. నాన్న కూడా పోయాడు. ఆయన బొమ్మ నేనే గీశాను. ఉన్న ఒక్క ఫోటోలోనూ ఆయన తల వంచుకుని పని చేసుకుంటున్నాడు. కళ్ళ కోసం ఆయన గడ్డం గీసుకునే అద్దం ముందు కూర్చుని నా కళ్ళే గీసి పెట్టాను. చూసినవాళ్ళంతా అచ్చం మాస్టారే అన్నారు. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను, ఇక పోయినవాళ్ళని గియ్యనని.

పెంటపాడులో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగు టీచరుగా చేరాను. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకి రోజుకో కారణం చెప్పాను, అన్నీ అబద్ధాలే. ఆదివారాలు బస్సెక్కి ఆకివీడు వెళ్ళేదాన్ని. అక్కడ రొయ్యల తలలు తీసే షెడ్లుంటాయి. తెల్లారి నాలుగింటి నుంచీ ఆడవాళ్ళు ఐసు కలిసిన నీళ్ళలో చేతులు పెట్టి కూర్చుంటారు. ఆ వేళ్ళు తెల్లగా, ముడతలు పడి, వయసుతో పని లేకుండా అందరివీ ముసలివాళ్ళ వేళ్ళలా ఉంటాయి. ఐసు ఫ్యాక్టరీ అరుగు మీద కూర్చుని వాళ్ళని గీసేదాన్ని. మొదట్లో వాళ్ళు ఒప్పుకోలేదు. మేమింకా చావలేదండి, అప్పుడే పటాలెందుకండి అని నవ్వేవారు. మీ చావుకి ఫ్లెక్సీ కట్టుకోండి, ఇది వేరే అని నేనూ అనేదాన్ని. కొన్నాళ్ళకి అలవాటు పడ్డారు. వాళ్ళని ఎదురుగా చూస్తున్నట్టు గీశాను. ఎవరి కళ్ళు వాళ్ళకే పెట్టాను.

ఆ బొమ్మలు ఎలాగో ఏలూరులో మ్యూజియం ఆఫీసరు కంటపడ్డాయి. ఆయన కారేసుకుని మా సందులోకి వచ్చి, నేల మీద పరిచిన కాగితాల మధ్య కాలు పెట్టడానికి చోటు లేక గుమ్మంలోనే నిలబడి, ప్రదర్శన పెడదామన్నాడు. పదిహేను రోజులు. నిలువెత్తు బొమ్మలు, ముఖాల బొమ్మలు, అన్నీ. అలా యాభై నాలుగేళ్ళ వయసులో నేను సమకాలీన చిత్రకారిణినయ్యాను. అంతకు ముందురోజు దాకా డ్రాయింగు టీచర్ని.

ఆ షెడ్లో పనిచేసేవాళ్ళలో నా మరదలు ఒకతె ఉండేది. మా పిన్ని కొడుకు భార్య. కలిదిండి అవతల చెరువుల గట్టు మీద వాళ్ళ ఇల్లు. పిల్లల్లేరు. మా తమ్ముడు చేపల లారీ మీద క్లీనరుగా వెళ్ళేవాడు. ఆరేళ్ళ కిందట కలకత్తా లోడుతో వెళ్ళినవాడు తిరిగి రాలేదు. ఒరిస్సాలో ఒక దాబా దగ్గర లారీ ఆపితే, నీళ్ళ సీసా పట్టుకుని దిగాడట. డ్రైవరు గంట సేపు చూశాడట. ఐసు కరిగిపోతోందని బయల్దేరి వెళ్ళిపోయాడట. అంతే. శవం దొరకలేదు, మనిషి దొరకలేదు, ఒక్క కబురు లేదు.

పోలీసులు ఫోటో అడిగితే ఇవ్వడానికి ఒకటే ఉంది. తిరునాళ్ళలో కొన్న నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, తల కాస్త వెనక్కి ఎత్తి, దొరబాబులా నిలబడ్డ ఫోటో. వాడికి ఆ కళ్ళద్దాలంటే పిచ్చి. ఎండా వానా లేదు, అవి ముఖం మీద ఉండాల్సిందే. పెళ్ళి ఆల్బం వరదలో నాని, ఉబ్బి, ముఖాలన్నీ ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఆధారు కార్డు వాడి జేబులోనే పోయింది. దాని జిరాక్సు ఉందిగానీ అందులో ముఖం ఉండాల్సిన చోట ఒక నల్లమచ్చ ఉంది. ఆ కళ్ళద్దాల ఫోటో చూసి ఇందులో మనిషిని ఎలా పోల్చుకోమంటావమ్మా అని ఎస్సై విసుక్కున్నాడట.

మా పిన్ని బెంగతో పోయింది. ఆ తరవాత వాడి పెదనాన్న కొడుకులు మొదలుపెట్టారు. దర్భలతో బొమ్మ చేసి కాల్చి కర్మ జరిపించేద్దామని, ఎన్నాళ్ళిలా, ఇంటికి మంచిది కాదని. కందకి లేని దురద కత్తిపీటకెందుకో నాకర్థం కాలేదు. మరదలు బొట్టు తియ్యలేదు, తాళి తియ్యలేదు. బతికున్న మనిషిని ఎలా కాలుస్తారండీ అనేది. వాళ్ళ ఇళ్ళలో శుభకార్యాలకి ఆమెని పిలవడం మానేశారు. పిలిస్తే ముత్తయిదువ కింద లెక్కో కాదో తెలియదు గదా.

ఏలూరులో ప్రదర్శన అని తెలిసిన మర్నాడు ఆమె గూడెం వచ్చింది. ప్లాస్టిక్ కవరులోంచి ఆ ఫోటో తీసి నా బల్ల మీద పెట్టింది. కళ్ళద్దాలు తీసేసి ముఖం గీసిపెట్టమంది.

నేను పోయినవాళ్ళని గియ్యను అనేశాను. నోరు జారింది. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నా నోరు నేనే నొక్కుకోవాలనిపిస్తుంది.

ఆమె కోపం తెచ్చుకోలేదు. "ఆయన పోలేదు కదండీ వదినగారూ," అంది. "మా షెడ్డువాళ్ళ బొమ్మల పక్కన పెట్టండి. వాళ్ళంతా బతికే ఉన్నారు కదండీ. ఆయన్నీ వాళ్ళలో కలిపెయ్యండి. పదిమంది వచ్చే చోటు కదా, ఎవరో ఒకరు పోలుస్తారు. ఫలానా చోట చూశామమ్మా అంటారు."

ఇంకో సంగతి కూడా చెప్పింది. బావగార్లతో మాటయిపోయిందట. ప్రదర్శన అయ్యేలోగా ఒక్క మనిషైనా చూశానంటే ఇక ఎవరూ కర్మ ఊసు ఎత్తకూడదు. ఎవరూ చూశామనకపోతే వాళ్ళు పెట్టిన రోజుకి ఆమె కూర్చుంటుంది, బొట్టు తీసేస్తుంది. పదిహేను రోజులు. నేను గియ్యబోయే బొమ్మ మీద ఆమె మొగుణ్ణి పందెం కాసి వచ్చిందన్నమాట. అయినా ఒప్పుకున్నాను.

చెవులు, గడ్డం, పై పెదవి మీది గాటు ఫోటోలో చూసి గీశాను. కళ్ళద్దాల వెనక ఏముందో ఎవరికి తెలుసు? వాణ్ణి చిన్నప్పుడు వేసవి సెలవుల్లో చంకనేసుకుని తిప్పాను. ఆ పసివాడి కళ్ళు గుర్తున్నాయిగానీ మీసాలొచ్చిన మనిషికి అవెలా మారాయో గుర్తు లేదు. మరదల్ని అడిగాను.

"పెద్ద కళ్ళండి," అంది వెంటనే.

ఆ మాట విన్నప్పుడే నేను పెన్సిలు కింద పెట్టేయాల్సింది. నాన్న బతికుంటే పెట్టించేవాడు. నాకు బుద్ధి రాలేదు.

మధ్యాహ్నం మరదలు వెనక గదిలో అన్నం వండుతోంది. నాన్న అద్దం ఇంకా ఆ మేకుకే ఉంది. మా అమ్మవీ పిన్నివీ ఒక్కలాంటి కళ్ళు. అమ్మవి నాకొచ్చాయి, పిన్నివి వాడికొచ్చుంటాయి. రక్తం అబద్ధమాడదు గదా అనుకున్నాను. అద్దం తీసి ఎదురుగా పెట్టుకుని, నా కళ్ళు చూసుకుంటూ వాడి ముఖంలో గీశాను. చెయ్యి ఎంత హాయిగా నడిచిందో. ఏళ్ళ తరబడి చేసిన పని, ఆలోచించే అవసరమే లేదు. అన్నం ఉడికేలోగా అయిపోయింది.

మరదలు గరిటె పట్టుకుని వచ్చి చూసింది. చూసి అక్కడే నేల మీద కూలబడింది.

"ఇవేనండి. ఇవే వదినగారూ," అని ఏడ్చింది.

నేను గర్వపడ్డాను. ఉన్నమాట చెప్పుకోవాలిగా. ఎవరి కళ్ళో ఆమెకి చెప్పలేదు. మంత్రం చెబితే మహిమ పోతుందన్నట్టు ఊరుకున్నాను.

ప్రారంభం రోజు పెద్దమనుషులొచ్చారు. ఒకాయన ఈ గీతల్లో కొల్లేరు ఘోషిస్తోందన్నాడు. ఇంకొకాయన నా పేరు తప్పు చదివాడు. షెడ్డు ఆడవాళ్ళు వ్యాను మాట్లాడుకుని వచ్చి, ఎవరి బొమ్మ ముందు వాళ్ళు నిలబడి, నా ముక్కు ఇంత లావాటండీ అని నవ్వుకుని, ఒకళ్ళనొకళ్ళు వెక్కిరించుకుని, మధ్యాహ్నం షిఫ్టుకి వెళ్ళిపోయారు. మరదలు ఒక్కతే ఉండిపోయింది. పని మానేసి నా దగ్గరే దిగింది, నేనూ స్కూలుకి సెలవు పెట్టాను. గూడెంలో పాసింజరు ఎక్కి ఇద్దరం ఏలూరు వచ్చేవాళ్ళం. వాచ్‌మన్ ఆమెకో కుర్చీ వేశాడు. తమ్ముడి బొమ్మ పక్కనే, టిఫిను డబ్బా, నీళ్ళ సీసా కాళ్ళ దగ్గర పెట్టుకుని, పొద్దున్నించి సాయంత్రం దాకా కూర్చునేది. వచ్చిన ప్రతి మనిషినీ, ఈయన్ని ఎక్కడైనా చూశారాండి అని అడిగేది.

రెండో రోజు మధ్యాహ్నం నేనొక విషయం గమనించాను. జనం షెడ్డు ఆడవాళ్ళ బొమ్మల ముందు మాట్లాడుకుంటున్నారు, వేలు పెట్టి చూపిస్తున్నారు, సెల్ఫీలు తీసుకుంటున్నారు. తమ్ముడి బొమ్మ దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించేస్తున్నారు. ఒకాయన చెప్పులు విడిచి మరీ నిలబడ్డాడు. మరదలు అడిగిన దానికి జవాబుగా, ఎప్పుడు పోయారమ్మా అన్నాడు. పోలేదండి అని ఆమె మెల్లిగా చెప్పింది. ఆయన, అలాగేనమ్మా, ధైర్యంగా ఉండు అని చెప్పి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

మూడో రోజు ఒకావిడ జడలోంచి మల్లెపూల తుంపు తీసి ఫ్రేము మూలకి గుచ్చింది. మరదలు లేచి ఆ పూలు పీకి విసిరేసింది, ఆవిడ మీద గట్టిగా కేకలేసింది. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. ఆవిడ బిత్తరపోయి, మా అత్తగారి పటం ఇలాగే ఉంటుందమ్మా, అలవాటున పెట్టాను అంది.

అప్పుడు నేను ఆ బొమ్మని మొదటిసారి పరాయిదాన్నయి చూశాను. చూపు వేలెడు పైకుంది. వాడు ఎదుటివాళ్ళకేసి చూడటం లేదు, వాళ్ళ తల మీదుగా ఎటో చూస్తున్నాడు. కళ్ళు కాస్త పెద్దవి. నాన్న నేర్పింది నేర్పినట్టు నా చెయ్యి చేసుకుపోయింది. నేను గీసింది తప్పిపోయిన మనిషి బొమ్మ కాదు, ఎన్‌లార్జ్‌మెంటు. గోదావరి జిల్లాల్లో పుట్టిన ఏ మనిషైనా దాన్ని చూడగానే ముందు చేతులు కట్టుకుంటాడు, ముఖం పోల్చుకోవడం ఆ తరవాత సంగతి.

రబ్బరూ పెన్సిలూ నా సంచిలోనే ఉన్నాయి. చూపు దించడం పది నిమిషాల పని. ఆ సాయంత్రమే దించేద్దామనుకున్నాను. కానీ ఆ పొద్దునే పేపర్లో నా ప్రదర్శన గురించి రాస్తూ ఆ బొమ్మే వేశారు. ఆఫీసరు దాన్ని కత్తిరించి తన గది తలుపుకి అంటించాడు. దాన్ని ముట్టుకోకండి మేడమ్, మొత్తం ప్రదర్శనకి అదే ప్రాణం, హైదరాబాదు నుంచి కూడా అడుగుతున్నారు అన్నాడు. నా జీవితంలో నన్ను మేడమ్ అని పిలిచింది స్కూలు పిల్లలు కాక ఆయనొక్కడే. ముట్టుకోలేదు. రేపు చూద్దాం అనుకున్నాను. అలా రోజులు గడిపేశాను. ఇంత వయసొచ్చి, ఇన్ని చావులు చూసి, పేపర్లో ఒక్క ముక్క కోసం అంత కక్కుర్తి పడ్డాను.

మరదలికి మాత్రం ఆశ పోలేదు. పదో రోజు సాయంత్రం నాతో రాకుండా బస్సెక్కి ఆకివీడు వెళ్ళింది. లారీలు ఆగే చోట డ్రైవర్లని ఒక్కొక్కరినే బతిమాలింది, కలకత్తా రూటులో తిరిగేవాళ్ళు మీరే కదా, ఒక్కసారి వచ్చి చూడండి బాబూ అని. పదమూడో రోజు ఆదివారం. నలుగురైదుగురు నిజంగానే వచ్చారు. తలంటుకుని, తెల్ల చొక్కాలు తొడుక్కుని, మ్యూజియంలో అడుగు ఎలా వెయ్యాలో తెలియనట్టు గోడ పక్కగా నడిచారు.

నేనప్పుడు ఆఫీసరు గదిలో ఉన్నాను. విశాఖపట్నం నుంచి ఎవరో వస్తే టీ తాగుతున్నాం. మరదలు తలుపు తోసుకుని వచ్చింది. కాళ్ళకి చెప్పుల్లేవు. వచ్చి నా మణికట్టు పట్టుకుంది. పెళ్ళినాడు కూడా ఆ ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు.

"చూశారంటండి వదినగారూ. ఆయన్ని చూశారంట. ఈమధ్యేనంటండి," అంది.

ఈమధ్యే అన్న ఆ మాటతో నాకు తెలిసిపోయింది. నువ్వెళ్ళు, నేను తరవాత వస్తానన్నాను. ఆమె చెయ్యి వదల్లేదు. ఆ వరండా అంత దూరమూ నన్ను లాక్కుంటూ నడిచింది. ఒక డ్రైవరు ఎక్కడ చూశాడో గుర్తు తెచ్చుకుంటున్నాడనీ, ముఖం సరిగ్గా గుర్తు రావడం లేదుగానీ కళ్ళు మాత్రం ఖాయంగా చూశానంటున్నాడనీ, మీరొచ్చి రెండు మాటలు అడిగితే గుర్తొస్తుందనీ గడగడా చెబుతోంది. నేను తల దించుకుని నడిచాను. ఎవరైనా నా ముఖం మీద ఇంత గుడ్డ కప్పితే బాగుండుననిపించింది.

బొమ్మ ముందు నిలబడ్డాయన వయసు మళ్ళిన మనిషి. మా అడుగుల చప్పుడుకి ఇటు తిరిగాడు. నన్ను చూశాడు. బొమ్మకేసి చూశాడు. మళ్ళీ నన్ను చూశాడు. మంచివాడు పాపం, మింగెయ్యడానికి ప్రయత్నించాడు. ఏం లేదమ్మా, నేనే పొరబడ్డాను, ఎవరో అనుకున్నాను అన్నాడు.

"ఇప్పుడే కదండీ ఖాయంగా చూశానన్నారు. చెప్పండి. ఏదైనా చెప్పండి, నేను తట్టుకుంటాను," అంది మరదలు.

ఆయన చెయ్యెత్తి నన్ను చూపించాడు.

"ఈవిడేనమ్మా," అన్నాడు చివరికి. "ఐసు ఫ్యాక్టరీ అరుగు మీద కూర్చుని బొమ్మలు గీస్తుండేవారు కదండీ మీరు. లోడు కట్టేటప్పుడు ప్రతి ఆదివారం చూసేవాణ్ణి. ఆ కళ్ళు మీవేనండి."

మిగతా డ్రైవర్లు కూడా నాకేసి చూశారు. ఒకరి వెనక ఒకరు బయటికి నడిచారు. చివరివాడు గుమ్మం దగ్గర ఆగి మరదలికి దణ్ణం పెట్టాడు.

ఆమె కుర్చీలో కూర్చుంది. నేను ఆమె కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాను. అద్దం సంగతి చెప్పాను. చూపు వేలెడు ఎత్తిన సంగతి చెప్పాను. మూడో రోజే తెలిసి కూడా దించకుండా ఊరుకున్న సంగతి, ఎందుకు ఊరుకున్నానో కూడా చెప్పాను. తిట్టు, కొట్టు, ఏదో ఒకటి చెయ్యి అన్నాను. నిజంగానే కొడితే బాగుండునని ఉంది నాకు.

ఆమె బొమ్మకేసే చూస్తోంది.

"నాకూ గుర్తు లేవండి," అంది. "గుర్తున్నాయని మీ ఇంట్లో అబద్ధం చెప్పాను. ఏ కళ్ళయినా ఇవేనందును. ఆరేళ్ళయింది కదండీ. రాత్రి పడుకుని ఎంత తలుచుకున్నా ఆ నల్లద్దాలే వస్తాయి. మొగుడి కళ్ళు మర్చిపోయిన మనిషిని నేను, ఊరివాళ్ళు పోల్చలేదని ఏమనుకోను?"

నాన్న ముందు స్టూలు మీద కూర్చున్నవాళ్ళంతా అలాంటివాళ్ళే. కాకపోతే వాళ్ళలో ఎవరూ ఆ మాట పైకి అనలేదు.

ఆమె సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. ఫోటో నా చేతికిచ్చింది.

"ఆ కళ్ళద్దాలు మళ్ళీ పెట్టెయ్యండి వదినగారూ. నాకు తెలిసిన మనిషి అదే."

వాచ్‌మన్‌తో చెప్పి పటం కిందికి దింపించాను. వెనక మేకులు ఊడదీసి గాజు తీశాను. ఆఫీసరు వచ్చి అడ్డం పడబోయాడు. నా ముఖం చూసి ఆగిపోయాడు. నేల మీదే కాగితం పరుచుకుని బొగ్గు తీశాను. మొదట ఎడమ కన్ను, తరవాత కుడి కన్ను. నావే కదా, ఎక్కడ నొక్కాలో నాకు తెలుసు. నలుపు మీద నలుపు రాశాను, ఒక్క మెరుపు చుక్క కూడా మిగల్చకుండా. అంతా అయ్యాక తలెత్తి నిలబడ్డ మా తమ్ముడు వచ్చాడు. తిరునాళ్ళ నాటి దొరబాబు. అప్పుడు నాకూ ఏడుపొచ్చింది. వాడు తప్పిపోయిన ఆరేళ్ళలో నేను ఏడవడం అదే మొదలు. ఎంతమంది పోయినవాళ్ళకో కళ్ళు తెరిచిన చెయ్యి ఇది. ఉన్నాడో లేడో తెలియని మనిషి కళ్ళు కూడా ఇదే మూసింది.

మరదలు దగ్గరికొచ్చి వంగి చూసింది. చాలాసేపు చూసి తల ఊపింది.

"ఇదేనండి ఆయన," అంది. తరవాత, "బావగార్లకి కబురు చెయ్యండి. రోజు చూసుకోమనండి," అంది.

ఇంకా రెండు రోజులున్నాయి కదా అన్నాను. ఉన్నాయండి అందిగానీ కూర్చోలేదు. టిఫిను డబ్బా సంచిలో పెట్టుకుంది, కుర్చీ తీసుకెళ్ళి వాచ్‌మన్‌కి అప్పజెప్పింది.

నా చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. మ్యూజియం పెరట్లో కుళాయి తిప్పితే నీళ్ళు రాలేదు. మరదలు తన సీసా మూత తీసి, కడుక్కోండి వదినగారూ అని, ఉన్న నీళ్ళన్నీ నా చేతుల మీద పోసింది.